జోజప్ప గుడి సున్నం పెళ్ల

శౌరీలుకు రాయి కావాలి.

ఊళ్లోని చర్చి, జోజప్ప గుడి, ఏ ఏట కట్టారో చెక్కిన రాయి. పీఠం వెనక గోడలో ఎక్కడో ఉందని ఊళ్లో అందరూ అనేవాళ్లే, చూసినవాళ్లు లేరు. అది చూపిస్తే గుడి నిలుస్తుంది. లేదంటే తిరునాళ్ళ కాగానే పడగొట్టి స్లాబు వేసేస్తామని సంఘపెద్ద బాలిరెడ్డి తేల్చి చెప్పేశాడు.

"పాతది పాతది అంటావు. ఎంత పాతదో రుజువు చూపించమ్మా," అన్నాడు.

ఆ గుడంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి ఎండ పడితే గోడలు మీగడ కట్టిన పాలలా ఉంటాయి. జపమాల చెప్పే ఆడవాళ్ల గొంతులు ఆ గోడలకు తగిలి మెత్తబడి వెనక్కొస్తాయి. ఏటా తిరునాళ్ళకు ఇంటింటి నుంచీ దోసెడు సున్నం తెచ్చి, ఒకే తొట్లో కలిపి గోడలకు వేయడం ఆ ఊరి ఆచారం.

ముసలి ఉపదేశి రాయప్ప దగ్గర ఆమె పిల్లలకు జపాలు నేర్పే పని నేర్చుకుంటోంది.

"రాయి నిజంగా ఉందా తాతా?"

"వెతుకు," అన్నాడు రాయప్ప. అంతే.

చున్నీ నడుముకు బిగించి ఉలీ సుత్తీ పట్టింది. పెళ్లలు రాలాయి. చేతులు బొబ్బలెక్కాయి. ఆగలేదు. సున్నం వెనక గార, గార వెనక ఇటుక, ఇటుకల మధ్య బంకమట్టి. రాయి మాత్రం లేదు.

గుమ్మంలోంచి బాలిరెడ్డి నవ్వాడు. "సున్నం దుమ్ముకు జుట్టు నెరిసిపోయింది గానీ, రాయి దొరకలేదేం పిల్లా?"

రాయప్ప వచ్చేసరికి ఆమె గోడకేసి చూస్తూ కూలబడి ఉంది. "లేదు తాతా. గోడ పాడుచేశాను, అంతే."

రాయప్ప వంగి, రాలిన వాటిలోంచి అరచేయంత పెళ్ల ఏరుకున్నాడు. దళసరి రొట్టెలా ఉంది. దాని అంచును నీళ్లతో తడిపి, కండువాతో తుడిచి, ఎండకు పట్టుకున్నాడు.

అంచు నిండా చారలు. తెలుపు మీద తెలుపు. మధ్యలో ఒక నీలం. కిందెక్కడో మట్టిరంగు.

"ఈ నీలం మీ అమ్మ పెళ్లయిన ఏడు. నీలిమందంతా తొట్లో కుమ్మరించింది మీ అమ్మమ్మే."

"ఈ మట్టిది?"

"వరదొచ్చిన ఏడు. బావి నీళ్లే అలా ఉన్నాయి." గోరు ఇంకాస్త కిందికి జరిగింది. "ఇక్కడ మా తాత వేస్తుంటే నేను తొట్టి కలిపాను."

గోరు ఆగింది. దాని కింద ఇంకా సగం పెళ్ల ఉంది.

"వీళ్లెవరో నాకు తెలీదు."

బాలిరెడ్డి చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. పెళ్లను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మా నాయన వేసింది ఏదంటావు, రాయప్ప మామా?"

రాయప్ప తెల్ల చారలన్నిటి మీదా గోరు జరిపాడు. బాలిరెడ్డి పెళ్లను కండువాలో చుట్టుకుని ఇంటికి నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు దోసెడు సున్నం తెచ్చి తొట్లో పోశాడు. స్లాబు మాట మళ్లీ ఎత్తలేదు.

గోడలో పడ్డ గోతిని శౌరీలు గారతో పూడ్చింది. అది ఆరాక రాయప్ప కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తొట్లో నిండా ముంచి ఎత్తింది.

రాయప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పల్చగా వెయ్యి. దీని మీద ఇంకా చాలామంది వెయ్యాలి."