సుంకులు వంటింట్లోకి వెలుగొచ్చిన కథ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త బాలక్క. ఎక్కడో విని చెప్పలేదు, ఆమె పిడకల గోడ ఈ కథలో ఉంది. వేరేవాళ్ళు దీన్ని వేరేగా చెప్తారు. వాళ్ళ మాట చెవిన పెట్టొద్దు అమ్మీ. ఇటు తిరిగి పండుకో, చెప్తా.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో పట్టపగలు దీపం పెట్టుకునే వంటిల్లు ఒకటి. అది లింగప్పది. మట్టి మిద్దె, మందపాటి గోడలు, దొంగల భయానికి పెట్టిన జానెడు కిటికీ. పొగచూరి పొగచూరి గోడేదో చీకటేదో తెలిసేది కాదు.

ఆ ఇంటికి లింగప్ప కొడుకు మద్దిలేటిని చేసుకుని సుంకులు కోడలుగా వచ్చింది. చేతిలో పని ఉన్న పిల్ల. కొర్రబియ్యం చేటలో పోసుకుని, వాకిట్లో ఎండకు కూర్చుని, గింజ గింజా తిప్పి చూసి ఏరేది. సందుకు అవతలి ఇల్లే మా మేనత్తది. ఆమె రోజూ చూసేది. ఆ చేటలో రాయి మిగిలిందంటే మా మేనత్త ఒప్పుకునేది కాదు.

అయినా ఒకరోజు లింగప్ప సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కటుక్కుమంది. రాయి. అప్పుడు అత్త ఈరమ్మ, "కండ్లు తెరిచి ఏరు" అంది.

ఆ తర్వాత ఇంకోరోజు మద్దిలేటి పంటికింద రాయి. అతను కంచం పక్కకు నెట్టి లేచిపోయినాడు. పెండ్లాం మొగం కూడా చూడలేదు.

ఆ తర్వాత ఈరమ్మ అన్న చుట్టపుచూపుగా వచ్చినాడు. ఆయన పంటికింద కూడా రాయి. పన్ను విరిగింది. అది అంతకుముందే పుచ్చిన పన్ను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. "మీకు కబోది పిల్లను అంటగట్టినారు కదా బావా" అని వీధంతా వినేటట్టు అన్నాడు.

అప్పుడు ఈరమ్మ కోడలికి గడువు పెట్టింది. "ఏరువాక పున్నమి లోపల ఇంకో రాయి తగిలితే మూటాముల్లె సర్దుకుని మీ అమ్మ ఇంటికి పో" అంది.

సుంకులు వెనక ఒక చెల్లెలుంది. దానికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. అక్క కబోదని తిరిగొస్తే ఆ చెల్లెలి గడప ఎవరు తొక్కుతారు? సుంకులు ఆలోచన చేసింది. వాకిట్లో లేని రాయి వంటింట్లోకి ఎట్లా వస్తోంది? చూద్దామంటే పొయ్యి కాడ చూపు ఆనదు. దీపం పెడితే దీపమే కనపడుతుంది, కుండ కనపడదు. ముందు వెలుగు తేవాలి, రాయి సంగతి ఆ తర్వాత అనుకుంది.

"కిటికీ పెద్దది చేయిస్తే బాగుంటాది అత్తా" అని అడిగింది.

"మేస్త్రీకి ఏం పెడతావు? నీ మెట్టెలా?" అంది ఈరమ్మ. "నేను ఈ చీకట్లోనే వండి, ఈ చీకట్లోనే ముగ్గురు బిడ్డల్ని సాకినా."

సాకింది, నిజమే. ఆ ముగ్గురూ రాళ్ళు మింగే పెరిగినారు. అప్పుడు వండింది అత్త, కాబట్టి రాళ్ళు తప్పు కాలేదు.

సరే. అప్పుడు సుంకులు ఊరి బయట సున్నం బట్టీకి పోయింది. బండ్లకు ఎత్తేటప్పుడు కింద రాలిన పొడిని అక్కడ తొక్కుకుంటూ పోతారు. అడిగి, ఊడ్చి, గంపకెత్తుకుంది. కానీ మసి మీద సున్నం కొడితే మసి మళ్ళీ పైకి తేలుతుంది. ఆ మాట మీ అమ్మకు నేను ఎన్నిసార్లు చెప్పినా వినదు. సుంకులుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ముందు తడిగోనెతో గోడలన్నీ రుద్ది కడిగింది. ఆ తర్వాత నానిన సున్నంలో తుమ్మబంక కలిపి, గోగునారతో కుంచె కట్టి కొట్టింది. గోడలు తెల్లబడినాయి. ఆమె చెయ్యి ఆమెకు కనపడింది. కుండలోపల మాత్రం కనపడలేదు.

ఆ తర్వాత కిటికీ చూసింది. కిటికీకి అడ్డంగా అత్త పుట్టింటినుంచి తెచ్చుకున్న కుండల దొంతి ఉంది. ఒకదాని మీద ఒకటి, అన్నీ ఖాళీవే. ఆ ఖాళీ కుండలకు ఉన్న మర్యాద ఆ ఇంట్లో కోడలికి లేదు. సుంకులు వాటిని ఒక్కొక్కటే దించి, తుడిచి, అటకెక్కించింది. ఈరమ్మ పొద్దంతా సాధించింది. కుండ ఒక్కటి పగల్లేదు కాబట్టి అంతకంటే ఏమీ చేయలేకపోయింది. కిటికీ బయటపడింది. కానీ వెలుగు రాలేదు.

ఎందుకు రాలేదు? కిటికీకి ఎదురుగా మా మేనత్త గోడ. పొద్దున సూర్యుడు లింగప్ప మిద్దె పైకెక్కినాక ఎండంతా ఆ గోడ మీదే పడుతుంది. ఆ గోడ నిండా పిడకలు. పిడకలు ఎండను తాగేస్తాయి కానీ ఒక్క చుక్క తిరిగి ఇయ్యవు.

అప్పుడు సుంకులు సందు దాటి వచ్చి, "బాలక్కా, ఆ గోడకు నేను సున్నం కొట్టుకుంటా" అంది.

"మీ వంటింటికి చీకటైతే నా గోడకు సున్నమా?" అంది మా మేనత్త. "నా పిడకలు నీ నెత్తిన కొట్టుకోవాల్నా?"

"నీ దక్షిణం గోడ ఖాళీగానే ఉంది. దాని మీద పిడకలు నేనే కొడతా. ఈ ఎండాకాలమంతా నువ్వు పేడలో చెయ్యి పెట్టే పని లేదు."

మా మేనత్త చేతులు అప్పటికే కీళ్ళనొప్పులతో ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ సంగతి సుంకులు కనిపెట్టింది. చూడమ్మీ, అవతలి మనిషి వేళ్ళ నొప్పి కనిపెట్టిన పిల్లను కబోది అన్నారు.

ఆ తర్వాత పిడకలు దక్షిణం గోడకు మారినాయి. ఇటు గోడకు సున్నం పడింది. మరుసటి పొద్దున ఎండ ఆ తెల్లగోడకు తగిలి, వెనక్కి తిరిగి, జానెడు కిటికీలోంచి లోపలికి వచ్చింది. వంటింట్లో చెంబులు మెరిసినాయి.

సుంకులు ఆ వెలుగులో సంగటి గెలుకుతూ ఉంది. సంగటికి మూతపెట్టి గెలకలేం కదా. అప్పుడు కనపడింది. పైనుంచి సన్నగా, జల్లెడ పట్టినట్టు, మన్ను రాలుతోంది. మిద్దె మీద ఎలుక కదిలితే పిడికెడు రాలుతోంది. మన్నుతోపాటు రాళ్ళు.

మట్టి మిద్దెకు ఏటేటా వానలకు ముందు చౌడుమన్ను పరిచి తొక్కాలి. లేకపోతే పైకప్పు గుల్లబారి రాలుతుంది. అది మగవాళ్ళ పని. లింగప్ప ఏటేటా "రేపు చూద్దాం" అనేవాడు. ఆ రేపు ఎన్నేండ్లకూ రాలేదు.

సుంకులు కుండ దించి మూత పెట్టింది. వాకిట్లోకి వచ్చి, "మామా, ఒకసారి వచ్చి పొయ్యి కాడ నిలబడు. అత్తా, నువ్వు కూడా" అంది.

లింగప్ప వచ్చి నిలబడినాడు. "ఏముందని?" అంటూ నోరు తెరిచి పైకి చూసినాడు. రాయి నేరుగా వచ్చి నోట్లోనే పడింది.

"ఈ రాయిని ఏ చేటలో ఏరాలో చెప్పు మామా" అంది సుంకులు.

ఈరమ్మ పైకి చూసింది, గోడలు చూసింది, మొగుణ్ణి చూసింది. "చౌడు పోసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. లింగప్ప రాయి ఉమ్మేసి, తట్ట పార తీసుకుని మిద్దెక్కినాడు. మద్దిలేటి వెనకే ఎక్కినాడు. ఏరువాక పున్నమి వచ్చింది, పోయింది. ఇంక ఎవరి పంటికీ రాయి తగల్లేదు. చెల్లెలికీ పెళ్ళయింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను సుఖంగా నిద్రపోయేదాన్ని.

లింగప్ప రచ్చకట్ట మీద కూర్చుని ఏం చెప్పినాడో తెలుసా? "మా కోడలికి చూపు ఆనదు పాపం. అందుకే వంటింటికీ, ఎదురింటి గోడకూ నేనే సున్నం కొట్టించినా" అన్నాడు. అందరూ భుజం తట్టినారు. అట్లాంటి మామ ఏడేడు లోకాల్లో ఉండడన్నారు. మా మేనత్త అక్కడికి పోయి అది అబద్ధమని మొగం మీదే చెప్పింది. "నీ గోడకు ఊరికే సున్నం వచ్చింది కదక్కా, ఇంకేం కావాలి?" అని నవ్వినారు. చౌడు మాట ఎవరూ ఎత్తలేదు. సుంకులు బిందె చంకన పెట్టుకుని అటే పోతూ అంతా విన్నది. ఇంటికి వచ్చి సున్నం కుంచె కడిగి, ఆరేసి, మళ్ళీ ఏటికి దాచిపెట్టింది.

ఆమె బతికినన్నాళ్ళూ ఏటేటా వంటింటికీ, ఆ ఎదురింటి గోడకూ తనే సున్నం కొట్టుకుంది. ఆమె మర్చిపోయిందేమో, నేను మర్చిపోలేదు. ఇప్పటికీ లింగప్ప వంశంలో పెళ్ళయితే అక్షింతలు వేసి వచ్చేస్తా, విస్తరి ముందు కూర్చోను.

ఆ సందుకు కబోది సందు అని పేరు పడింది. ఈమధ్య మన ఊరి పంచాయితీ వాళ్ళు రేకు మీద పేరు రాయించి సందు మొదట్లో కొట్టినారు. నాకు చదువు రాదు, వేలిముద్ర మనిషినే. కానీ మొదటి అక్షరం 'క' అని గుర్తుపట్టినా. అది సుంకులు పేరు కాదని తెలియడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

నువ్వు బడికి పోతున్నావు, నీకు రాయడం వచ్చు. రేపు పొద్దున నన్ను చెయ్యిపట్టుకుని పంచాయితీ ఆపీసు కాడికి తీసకపో. నేను చెప్తా, నువ్వు రాయి. ఆ రేకు మీద సుంకులు సందు అని మార్చమను. రంగుకు ఖర్చవుతాదంటే సున్నం నేనిస్తానని చెప్పు.

కథ కంచికి,
కబోది మాట కాటికి,
సుంకులు పేరు ఊరి నోటికి,
మనం ఇంటికి.