వరస తప్పిన చెలమ

ఆ ఏడు ఎండలకు వాగు పూర్తిగా ఇంకిపోయింది. ఇసుక అడుగున మాత్రం కాస్త తడి మిగిలింది. అడవిపంది రోజూ తెల్లవారేసరికి వచ్చి, జారిన ఇసుకను ముట్టెతో తోడి, చెలమ తీసేది. అంత కష్టపడి కూడా అందరికన్నా చివరే తాగేది.

"ముందు నువ్వు తాగరాదా అన్నా?" అని జింక అడిగేది.

"మేనకోడలి గొంతు తడవకుండా మేనమామ తాగుతాడటమ్మా? ఎక్కడి చోద్యం!" అని పంది నవ్వేది.

పందికి జింక చెల్లెలు, జింకపిల్ల మేనకోడలు, నక్క బావ, కుందేలు మనవడు. ఆ చుట్టరికాలు ఎవరు కలిపారో ఎవరికీ తెలియదు. వాటిని బట్టే నీళ్ళు అందేవి. పసిది ముందు తాగేది, తల్లి తర్వాత తాగేది, సత్తువ ఉన్నవాళ్ళు ఆగేవాళ్ళు.

ఇలా ఉండగా పెద్ద చెరువు దగ్గరి కొంగల విద్యాపీఠం నుంచి ఒక కొంగ పరిశోధనకు వచ్చింది.

"బతుకుతెరువు సంఘాన్ని మలుస్తుందా, సంఘమే బతుకుతెరువును మలుస్తుందా? నేను తేల్చవలసింది అదీ" అంది ఒంటికాలి మీద నిలబడి. "మీలో ఎవరు ముందు తాగాలో ఎలా నిర్ణయిస్తారు?"

"అదేం పెద్ద విషయమండీ, వరసను బట్టి" అంది కుందేలు.

కొంగకు తెలిసిన వరస ఒక్కటే. ఒకరి వెనక ఒకరు నిలబడడం. తెలిసినట్టు తలూపిందే తప్ప, ఏ వరస అని మళ్ళీ అడగలేదు. అడిగితే చదువుకు తక్కువని కొందరి నమ్మకం.

మర్నాడు ముక్కుతో ఇసుకలో గీత గీసి, ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చూపించింది. ముందుగా వచ్చిన కుందేలుకు మొదటి చోటు దక్కింది.

"ఈ గీత ఎందుకయ్యా?" అంది పంది.

"మీ ఆచారమేగా! చూడడానికి వీలుగా సర్దానంతే."

చదువుకున్నవాడి మాట కాదనలేక అందరూ నిలబడ్డారు. నక్క ఒక్కటే ఆ గీతను అటూ ఇటూ పరికించి మూతి నాక్కుంది.

"ఏమోయ్ చెవులపోతూ! నీ చోటు నాకిస్తే దోసెడు ఇప్పపూలు ఇస్తా" అంది కుందేలుతో.

"చోటుకి పూలా! తీసుకో తాతా, తీసుకో."

అలా కొద్ది రోజుల్లోనే ముందున్న చోట్లన్నీ నక్క చేతికి వచ్చాయి. ఇప్పపూలు తిన్న కుందేలుకు దాహం రెట్టింపయింది. తాగాలంటే నక్క కాళ్ళు పట్టవలసి వచ్చింది.

ఒకనాటి మధ్యాహ్నం జింక పిల్లను నెట్టుకుంటూ వచ్చింది. పిల్ల కాళ్ళు తడబడుతున్నాయి.

"బావా, పిల్ల సొమ్మసిల్లుతోంది. ఒక్క గుక్క తాగనీ."

"నీ వరస ఎక్కడమ్మాయ్?"

"అదేం మాట బావా! నేను నీకు మరదలి వరస కానూ?"

"అది పాత వరస. ఇప్పుడు వరసంటే ఈ గీత. చివరకెళ్ళి నిలబడు."

 జింక దూరాన ఉన్న ఏటి వైపు పిల్లను నడిపించుకుంటూ పోయింది.

అప్పుడే పొద వెనక్కి వచ్చిన పంది నక్క అన్న చివరి మాటలు మాత్రమే విన్నది. దాని మెడ మీద వెంట్రుకలు నిక్కాయి.

"ఇన్నాళ్ళూ నావాళ్ళనుకుని తవ్వాను. నావాళ్ళు లేనిచోట నా ముట్టె ఎందుకు అరగదీసుకోవాలి?"

"కోపమెందుకు బావా? నీకూ పూలు ఇస్తాగా!" అంది నక్క.

"కూలికి పిలుస్తున్నావా నన్ను! అందరూ పల్లకీ ఎక్కండి, మోసేవాణ్ణి వెతుక్కోండి" అని పంది కొండెక్కి పడుకుంది.

తెల్లారేసరికి చెలమ పూడిపోయింది. నక్క మొదటి చోటులో దర్జాగా నిలబడి చూస్తే ఇసుక తప్ప ఏమీ లేదు. కాళ్ళతో గీకింది. గీకినకొద్దీ ఇసుక జారింది.

"నా పూలు నాకిచ్చెయ్!" అని కుందేలు మీద పడింది.

"పొట్టలోవి ఎలా ఇవ్వను? నీ చోటు నీ దగ్గరే ఉందిగా, దాన్ని నాక్కో" అంది కుందేలు.

వీళ్ళ వరసంటే చుట్టరికమని కొంగకు అప్పుడు అర్థమైంది. రెక్కలతో గీతను చెరిపేసింది.

"అయ్యో, నేను చూడ్డానికే వచ్చాను, చెడపడానికి కాదు. మళ్ళీ మునుపటిలా ఉండండి" అని బతిమాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఎవరూ ఎవరినీ వరస పెట్టి నోరారా పిలవలేకపోయారు.

కొంగ కొండకు ఎగిరింది. "అయ్యా, నిన్న జింక నీళ్ళు లేకుండానే సొమ్మసిల్లుతున్న పిల్లతో ఏటికి పోయింది" అని చెప్పింది.

పంది ఉలిక్కిపడింది. తాను అలిగింది నక్క మీద. దాహంతో వెళ్ళింది మేనకోడలు. పరుగున దిగి, ముట్టె చిట్లి నెత్తురొచ్చేదాకా తవ్వింది. నీరు ఊరగానే ఏటి దారి పట్టింది.

మోదుగ పొద నీడలో జింక నిలబడి ఉంది. పిల్ల పడుకుని ఉంది.

"రా తల్లీ, నీళ్ళు ఊరాయి. మేనకోడల్ని లేపు" అంది పంది రొప్పుతూ.

జింక తల తిప్పలేదు. "దానికి ఇక దాహం లేదు అన్నా" అంది.

చుట్టరికాన్ని అమ్మకానికి పెట్టినవాడిదే కాదు, పౌరుషానికి పోయి పని మానినవాడిదీ ఆ పాపం.