కొబ్బరిపాలు పోసిన పులుసు

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అని ఒక రాజుండేవాడు. యుద్ధాలు చేతగావు, చెరువులు తవ్వించే ఓపిక లేదు. ఏదో ఒక ఘనకార్యం చెయ్యాలిగా! "మన వంటల సంప్రదాయం మంటగలుస్తోంది" అంటూ శాసనం రాయించి, రుచిభటులనే దండును పెట్టాడు. వాళ్ళు ఇళ్ళలో జొరబడి, కుండల్లో వేళ్ళు పెట్టి నాకేవారు. పులుసులో మెంతులు తక్కువైతే కొరడా దెబ్బలు. ఎంత సిగ్గులేని ఉద్యోగమో చూడండి!

అంతటితో ఊరుకున్నారా? సరిహద్దు దాటి పొరుగు రేవుపట్నం దాకా పోయారు. అక్కడ నాంచారమ్మ పూటకూళ్ళ ఇల్లు నడుపుకుంటోంది. పన్నెండేళ్ళ కిందట కరువులో ఈ రాజ్యం విడిచి పోయిన మనిషి. చింతపండు దొరకని చోట మామిడికాయ వేసి, కొబ్బరిపాలు పోసి పులుసు కాచి, "మా దేశపు పులుసు" అని వడ్డించేది. అదీ ఆవిడ నేరం. ఈడ్చుకొచ్చి సభలో నిలబెట్టారు.

"పులుసులో కొబ్బరిపాలా!" రాజు మండిపడ్డాడు. "దీని పొయ్యి పడగొట్టండి. బతికినన్నాళ్ళూ మళ్ళీ గరిటె పట్టకూడదు."

"పొయ్యి లేకపోతే నేనెట్లా బతకను ప్రభూ?" అందావిడ. కడుపు నిండినవాడికి ఆ మాట వినపడుతుందా?

ఆస్థాన విదూషకుడు చిట్టెన్న లేచాడు. "ముందు అసలైన వంట ఈవిడ చేతే వండించాలి ప్రభూ. దేశం విడిచిన నాడు ఇంట్లో ఏం వండిందో, వీసమెత్తు మార్చకుండా అదే వండాలి. ఏమ్మా, గుర్తుందా?"

"మరిచిపోతే బాగుండేది, నాయనా."

"మరి ఆ సంప్రదాయపు వంట ప్రభువులు తినకుండా వదిలేస్తేనో?" అన్నాడు చిట్టెన్న రాజుతో.

రాజు మీసం దువ్వాడు. "నేనా? మెతుకు వదిలినా నా శాసనం నేనే చించేస్తాను!"

మర్నాడు మధ్యాహ్నం పొరుగు రాయబారులందరూ చూస్తుండగా, నాంచారమ్మ బంగారు పళ్ళెంలో గోధుమరంగు జావ పోసింది. రాజు ఒక్క గుక్క తాగి, థూ అని ఉమ్మేశాడు.

"ఏమిటీ బురద?"

"చింతగింజల పిండి ప్రభూ. ఉప్పు లేదు. ఆనాడు ఇంట్లో లేదు."

"నా రాజ్యంలో ఇది ఎవరు తిన్నారు?"

"నా కూతురు తింది. ఆరేళ్ళది. అరిగించుకోలేక దారిలోనే పోయింది. అప్పుడు తమరి ధాన్యపు కొట్లకు తాళాలున్నాయి."



"వీసమెత్తు మార్చలేదు ప్రభూ," అన్నాడు చిట్టెన్న. "ఉమ్మింది తమరే. శాసనం తెప్పించమంటారా?"

రాజు మొహం నల్లబడింది. రాయబారులు చూస్తున్నారు. ఏడవడం చేతగానివాడు నవ్వక చస్తాడా? పగలబడి నవ్వాడు. శాసనం చించి, ముత్యాలహారం తీసి చిట్టెన్న మెడలో వేశాడు. చిట్టెన్నకు మాత్రం నవ్వు రాలేదు.

"నీకు కోట వంటశాలలో కొలువిస్తున్నాను," అన్నాడు రాజు నాంచారమ్మతో.

"వద్దు ప్రభూ. ఆ పట్నంలో అడుగుపెట్టిన రోజు నన్నెవరూ ఏం వండుతావని అడగలేదు. అన్నం తిన్నావా అమ్మా అని అడిగారు. నేనక్కడికే పోతాను."