గాజు మీద గీత

ఒక రాజుకు సముద్రం కావాల్సి వచ్చింది. ఆయన రాజ్యం కొండల నడుమ ఉంది. అక్కడివాళ్ళెవరూ సముద్రాన్ని చూడలేదు.

అందుకని సభామంటపంలో ఏనుగంత గాజుతొట్టి కట్టించి, తీరం నుంచి ఒక జాలరి అవ్వను పిలిపించాడు. అవ్వ మూడు బళ్ళ మీద సరంజామా తెచ్చింది. పీపాల్లో సముద్రపు నీళ్ళు, ఉప్పు బస్తాలు, ప్రాణమున్న పగడాలు అంటుకున్న రాళ్ళు, గుడ్డ వాసెన కట్టిన కడవలో ఒక పసుప్పచ్చని చేప.

"ముందు నీళ్ళూ రాళ్ళూ కుదురుకోవాలి బాబూ. నలభై రోజుల తర్వాతే చేప. కొత్త గోడలు ఆరకుండా కాపురం పెట్టం కదా" అంది అవ్వ.

తర్వాత పనిముట్లు ఒక్కొక్కటే చూపించింది. పగడానికి ఎండలాంటి వెలుగు కావాలని దీపం చూపించింది. రాజు మూడు తీసుకున్నాడు. నీళ్ళు నిలవ ఉండకూడదని అలలు తిప్పే చక్రం చూపించింది. రాజు రెండు తీసుకున్నాడు. కొండచలికి నీళ్ళు చల్లబడకుండా నిప్పుల పళ్ళెం చూపించింది. నాలుగు తీసుకున్నాడు.

"సముద్రానికి కూడా సూర్యుడు ఒక్కడే బాబూ" అంది అవ్వ.

రాజు వినలేదు. భయం ఉన్నవాడి ఇంట్లో తలుపు ఒకటి, గడియలు ఆరు ఉంటాయి.

చివరికి అవ్వ చెంగు ముడి విప్పి వేలంత గాజుగొట్టం తీసింది. దాని అడుగున సీసపు గుండు ఉంది. మెడ దగ్గర ఎర్ర దారం కట్టి ఉంది.

"ఇదేం పని చేస్తుంది?"

"పనేమీ చెయ్యదు బాబూ. చెబుతుంది. నీళ్ళలో ఉప్పు సరిగ్గా ఉంటే దారందాకా మునిగి తేలుతుంది. ఉప్పు ఎక్కువైతే పైకి లేస్తుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు, ఇదొక్కటి ఉంటే చాలు, మిగతావి ఒకటి తక్కువైనా ఫరవాలేదు."

"అడగకుండా చెప్పేవి నా సభలో వద్దు" అన్నాడు రాజు.

అని నవ్వాడు. ఆయన నవ్వాక సభ నవ్వింది.

నలభై రోజులకు చేప తొట్టిలోకి దిగింది. ఆ రోజే రాజు తన వజ్రపుటుంగరంతో నీటిమట్టం దగ్గర గాజు మీద గీత గీశాడు. తోటకు కావడితో నీళ్ళు మోసేవాణ్ణి పిలిచి, "నా సముద్రం ఈ గీతకు వెంట్రుకవాసి తగ్గినా, వెంట్రుకవాసి పెరిగినా నీ తల ఉండదు" అన్నాడు.

అవ్వ వెళ్ళిపోతూ ఆ కావడివాడి చేతిలో గాజుగొట్టం పెట్టింది. "దాచుకో నాయనా. రోజూ తగ్గే నీళ్ళకు మంచినీళ్ళే పొయ్యి. చెంబుతో, మెల్లగా."

మర్నాడు పొద్దున చూస్తే నీళ్ళు గీతకు వేలెడు దిగి ఉన్నాయి. కావడివాడు బావినీళ్ళ చెంబుతో వంగాడు. వెనకనుంచి మంత్రి గొంతు వినిపించింది.

"ఏరా, పాలల్లో నీళ్ళు కలిపినట్టు ప్రభువుల సముద్రంలో బావినీళ్ళు కలుపుతున్నావా?"

వాడు వెనక్కి వెళ్ళి, కావడి నీళ్ళలో బస్తాలోని ఉప్పు దోసెడు కలుపుకొచ్చి, చెంబుతో పోశాడు. నీళ్ళు గీత దగ్గరికి వచ్చాయి. మంత్రి తల ఊపాడు. ఇక రోజూ అంతే.

ఇక్కడ ఒక్క సంగతి నిదానంగా చూడాలి. గాలికీ వేడికీ ఎగిరిపోయేది నీరు మాత్రమే. ఉప్పు ఎక్కడికీ పోదు. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది కదా, ఇదీ అంతే. అలా మరిగిన పులుసులో రోజూ ఇంకో దోసెడు ఉప్పు వేస్తే ఏమవుతుందో వంటింట్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడేమో మూడు దీపాలు, నాలుగు నిప్పుల పళ్ళేలు నీటిని ఆవిరి చేస్తూనే ఉన్నాయి.

నెల తిరిగేసరికి పగడం వేళ్ళు ముడుచుకుంది. చేప తిండికి రావడం మానింది.

"ఏమయ్యా, అన్నం ముందు పెట్టుకుని ఎవరి పెళ్ళి గురించి ఆలోచన?" అంది కావడివాడి భార్య.

"నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయే."

"మరి ముఖం ఎందుకలా ఉంది?"

"చేప మూలకు చేరింది. మూత తెరిచిన కుండలా నోరు తెరిచే ఉంటోంది. అది పోతే నేనూ పోతాను. నిజం చెప్పినా పోతాను."

ఆవిడ బియ్యం గోలెంలో చెయ్యి పెట్టి గాజుగొట్టం తీసి వాడి కంచం పక్కన పెట్టింది. "నోరున్న నువ్వు చెప్పలేకపోతే నోరు లేనిదాన్ని తీసుకెళ్ళు."

వాడు తీసుకెళ్ళాడు. నిండు సభలో తొట్టిలోకి వదిలాడు. గొట్టం ఒక్కసారి మునిగి, సగానికి సగం పైకి లేచి, కొంగలా మెడ నిక్కించి నిలబడింది. ఎర్ర దారం నీటికి రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

సభలో అందరూ తమ పాదాలు చూసుకున్నారు.

"ఏమంటోంది?" అన్నాడు రాజు.

"ఉప్పెక్కింది ప్రభూ."

"నీళ్ళు గీత దగ్గర లేవా?"

"ఉన్నాయి ప్రభూ."

"అయితే అబద్ధమాడేది అదే. దారందాకా ముంచు."

కావడివాడు వేలితో నొక్కాడు. దారం మునిగింది.

"అలాగే పట్టుకో."

"ఇప్పుడు సరిగ్గా ఉంది ప్రభూ" అన్నాడు మంత్రి.

అలా వాడికి కొత్త కొలువు దొరికింది. తొట్టి పక్కన పీట వేశారు. తాగడానికి ఓ చెంబు మంచినీళ్ళు పెట్టారు. ఉప్పునీళ్ళు పోసే పని మంత్రి మనుషులకు ఇచ్చారు. వచ్చినవాళ్ళందరూ గీత చూసి, దారం చూసి, భేష్ అని పోయేవారు.

మొదట్లో ఒక్క వేలు సరిపోయేది. వారం తిరిగేసరికి రెండు వేళ్ళు కావాల్సివచ్చింది. ఆ తర్వాత అరచెయ్యి. కింద నుంచి నీరు రోజురోజుకూ గట్టిగా నెడుతోందని వాడొక్కడికే తెలుసు. చేతి చర్మం తెల్లగా పగిలింది. చెబితే తల పోతుంది. చేప అప్పుడప్పుడు వచ్చి ఆ పగుళ్ళను మూతితో తాకి వెళ్ళేది.

ఒక రోజు అది రాలేదు. రాళ్ళ మధ్య పక్కకు ఒరిగి ఉంది. వాడు చూస్తూ ఉండగా దాని మొప్ప ఒకసారి ఎగిరి, ఆగిపోయింది.

రాజు సింహాసనం మీద ఉన్నాడు. మంత్రి నిలబడి ఉన్నాడు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

కావడివాడు చెయ్యి తీసేశాడు.

గొట్టం ఎగిరి గాజుకు తగిలి ఠంగుమంది. సభంతా తల తిప్పింది. వాడు ఎవరివైపూ చూడలేదు. పీట పక్కనున్న మంచినీళ్ళ చెంబు తీసుకుని చేప ఉన్నచోట, సన్నటి ధారగా, తొందరపడకుండా పోయసాగాడు. ధార తెగలేదు.

నీళ్ళు గీతను వెంట్రుకవాసి దాటాయి.

సభలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. తొట్టి అడుగున మాత్రం, ఒక మొప్ప కదిలింది.