కోనమ్మ కట్టిన మట్టిగోడ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ముక్కు మీద కొమ్మున్న పిట్టలు రెండు. పెళ్ళాం పేరు కోనమ్మ, మొగుడి పేరు బుడ్డన్న. ఆ జాతి పిట్టలకు ఒక ఆచారం ఉంది పిల్లలూ. గుడ్లు పెట్టే వేళ ఆడపిట్ట చెట్టుతొర్రలో కూర్చుని, వాకిలికి మట్టితో గోడ కట్టేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. మొగుడు పళ్ళు తెచ్చి ఆ సందులోంచి పెట్టాలి.

కోనమ్మ మనసు మంచిదే. కానీ అందులో రెండే గదులు. ఒకటి దేవుడి గది, ఇంకోటి రాక్షసుడి గది. మధ్యలో వసారా కూడా లేదు పాపం.

మొదటి రోజు బుడ్డన్న తియ్యటి నేరేడు పళ్ళు తెచ్చాడు.

"నువ్వు నా పాలిట దేవుడివయ్యా!" అంది కోనమ్మ, తిన్న పళ్ళ గింజలు సందులోంచి కిందికి ఉమ్ముతూ.

మర్నాడు ఒక పండు వగరు తగిలింది.

"నన్ను చంపాలనే తెచ్చావు, రాక్షసుడా!" అంది. బుడ్డన్న ఇంకో చెట్టు వెతకడానికి ఎగిరిపోయాడు.

మూడో రోజు గాలివాన. మధ్యాహ్నమైనా బుడ్డన్న జాడ లేదు.

"వదిలేశాడు! ఆయనకి నేనంటే గిట్టదు!" అంటూ కోనమ్మ గోడను ముక్కుతో పొడవసాగింది. ఆమెకు నిజంగానే గుండె మండిపోతోంది.

పక్క కొమ్మ మీద ఉడుము లొట్టలేసింది. దానికి గుడ్లంటే ప్రాణం.

"నిజమే చెల్లెమ్మా, మొగాళ్ళంతా ఇంతే! బాగా పొడువు, పెద్ద కంత చెయ్యి" అంది తియ్యగా.

ఒక మట్టిపెళ్ళ ఊడి, కిందున్న ఉడత నెత్తిన పడింది.

"ఓయ్ అక్కా! రోజూ గింజలు, ఇవాళ మట్టా? నా నెత్తి ఏం పాపం చేసింది?" అని అరిచింది ఉడత.

"ఆయన నన్ను వదిలేశాడే!"

"కళ్ళతో చూశావా?"

"లేదు. నా మనసు చెప్పింది."

"నీ మనసు సంగతి నాకు తెలీదు గానీ, నా నెత్తి సంగతి తెలుసు. నువ్వు తిట్టిన రోజు కూడా సాయంత్రం దాని మీద గింజలు పడ్డాయి. మరి ఆ పళ్ళెవరు తెచ్చారు, ఈ ఉడుము బావ తెచ్చాడా?"

కోనమ్మ సందులోంచి కిందికి చూసింది. చెట్టు మొదట్లో గింజల కుప్ప. తియ్యటి పళ్ళవీ, వగరు పళ్ళవీ, అన్నీ బుడ్డన్న తెచ్చినవే. ఆమెకు ఏడుపు ఆగలేదు. పొడవడం మాత్రం ఆపింది. ఊడిన చోట మట్టి మెత్తుకుని, "వాన వెలిసేదాకా చూస్తా" అంది. ఉడుము మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

వాన వెలిశాక బుడ్డన్న తడిసి ముద్దై వచ్చాడు. ముక్కున పండు ఉంది. దాన్ని సందు అంచున పెట్టి, భయంభయంగా అడిగాడు.

"ఇవాళ నేను దేవుడినా, రాక్షసుడినా?"

కోనమ్మ సందులోంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"నీ మీద కోపంగా ఉంది. నువ్వొచ్చినందుకు సంతోషంగానూ ఉంది. దేవుడివీ కాదు, రాక్షసుడివీ కాదు. ఆలస్యంగా వచ్చే మొగుడివి. పండు ఇటు తొయ్యి!"

ఆ మాట విని, కింద ఉడత గబగబా నెత్తిన ఆకు కప్పుకుంది.

నీతి: మనసు పడే బాధ నిజమే, కానీ అది అల్లే కథంతా నిజం కాదు. గోడ పొడిచే ముందు గింజలు చూసుకోవాలి.