నేరేడు తొక్కల వైద్యం

వాగుకి అవతల నేరేడు చెట్టు విరగకాసింది. ఇవతల ఒక పొదకింద, బొరియలో ముసలి కుందేలు పది రోజుల జ్వరం నుంచి అప్పుడే లేచింది. నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. ఆ సంగతి తెలిసి ఒక నక్క బొరియ ముందు పచార్లు మొదలుపెట్టింది. ఆకలేసిన నక్కని నేను తప్పుపట్టను గానీ, దీనికి ఆకలికంటే తెలివి మీద మోజెక్కువ.

"అత్తా, ఒంట్లో ఎలా ఉంది?" అంది నక్క.

"నీకు అత్తనెప్పుడయ్యాను?"

"కలుపుకుంటేనే కదా వరసలు. నేరేడు పళ్ళు తింటే సత్తువొస్తుంది. తెచ్చిపెడతాను."

కుందేలుకి నమ్మకం లేదు, కానీ కడుపు కాలుతోంది. "గుమ్మంలో పెట్టి దూరంగా నిలబడు" అంది.

నక్క వాగు దాటింది. పళ్ళు కనబడగానే గుజ్జంతా తానే జుర్రుకుని, గింజలు ఉమ్మేసి, మిగిలిన తొక్కల్ని టేకాకులో చుట్టి తెచ్చింది.

"ఇవేంటి అల్లుడూ, పళ్ళన్నావు?"

"మందంతా ఆ నల్లరంగులోనే ఉందత్తా. రంగేమో తొక్కలో ఉంది. గుజ్జు వట్టి తీపి, జ్వరం తిరగబెడుతుంది. ఆ కష్టమేదో నేనే పడ్డాను."

కుందేలు తలెత్తి బొరియ పక్క చెట్టుమీదుండే కొండముచ్చుని అడిగింది. "బాబాయ్, నిజమేనా?"

"మనిషి మంచిది కాదు గానీ మాట మంచిదే. ఆ రంగు ఒంటికి మేలే చేస్తుంది, తిను" అంది కొండముచ్చు.

అడవిలో ఇంకో వెర్రిది దొరికిందని నక్క లోలోపల నవ్వుకుంది. రోజూ గుజ్జు నక్కకి, తొక్కలు అత్తకి. ఆకుపొట్లం మాత్రం రోజుకి రెండడుగులు దూరం జరిగేది. కుందేలు రోజుకి రెండడుగులు ఎక్కువ నడిచి వచ్చి, తినేసి వెళ్ళిపోయేది. తొక్కలు తిని ఎవరు బాగుపడతారులే అని నక్క ధీమా.

ఏడోనాడు పొట్లం బొరియకి పన్నెండడుగుల దూరంలో ఉంది. కుందేలు వచ్చి మూతి పెట్టగానే నక్క పొదచాటు నుంచి దూకింది. దూకిందంటే, దూకబోయింది. పొద్దుటినుంచి జుర్రిన గుజ్జు కడుపులో బరువుగా కదిలి, మధ్యలోనే బోర్లాపడింది. కుందేలు ఒక్క గెంతులో దాని నెత్తిమీంచి వెళ్ళి, మూడో గెంతుకి బొరియలో ఉంది. తన కాళ్ళలో అంత బలం ఎప్పుడొచ్చిందో దానికే ఆశ్చర్యం వేసింది. భయం తీరాక నవ్వొచ్చింది.

"నేను అబద్ధమే చెప్పాను కదా" అని నక్క మూలిగింది.

"నువ్వు అబద్ధమనుకునే చెప్పావు. అది నిజమని నీకొక్కదానికే తెలీదు" అంది పైనుంచి కొండముచ్చు.

బొరియలోంచి కుందేలు మూతి మాత్రం బయటపెట్టింది. "అల్లుడూ, రేపు కాస్త పెందలాడే తే."

నీతి: ఎదుటివాణ్ణి ముంచడానికి చెప్పే మాటలో నిజమెంతుందో ముందు తానైనా తెలుసుకోవాలి.