పడుగు ఎండిన ఉదయం

ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా, చెప్పిన నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ పూటే ఊడిపోవాలి. తత్వానందస్వామి శిష్యుడు శరభయ్యకు పుట్టిన కడుపుమంట మీద ఊరందరికీ సరిపడా పప్పు ఉడికించవచ్చు.

కారణం తోటి శిష్యురాలు సోమాలమ్మ. ఆశ్రమం పక్కనున్న నేతపేటలో పేదరికం ఎలా పోగొట్టాలో ప్రణాళిక రాసి పంపమని ప్రభుత్వంవాళ్లు స్వామిని అడిగారు. శరభయ్య ఆర్నెల్లు కూర్చుని, నలుగురు మోయలేనంత ప్రణాళిక రాశాడు. కొత్త మగ్గాలు, నూలు, రంగులు, అమ్మకానికి కొట్టు; చిట్టచివర, కాగితంలో ఇంకా జాగా మిగిలిందని, ఆరోగ్యం. సోమాలమ్మ రాసింది ఒక్క వాక్యం: "ముందు ఈ పేటలో జ్వరాలు తగ్గాలి." స్వామి ఆ వాక్యాన్ని అన్నిటికన్నా పైన పెట్టించారు.

శరభయ్యకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోనాడు అడిగేశాడు.

"స్వామీ, మగ్గం కూడు పెడుతుంది. మందు చేదు తప్ప ఏం పెడుతుంది? నిన్నగాక మొన్న వచ్చిన సోమాలమ్మ మాట నా మాట మీదికెందుకెక్కింది?"

"నువ్వు ముందుగానే ఇప్పించిన మగ్గానికి నేతపేట చౌడయ్య రేపు మొదటి పడుగు చాపుతున్నాడట," అన్నారు స్వామి. "ఆ పడుగు మగ్గమెక్కితే నీ మాటే పైన రాయిస్తాను."

నేతపేటలో ఒక పద్ధతుంది. వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, చాపి గంజి పెట్టేటప్పుడు ఇంటికొకరు వచ్చి కుంచె పట్టాలి. ఎండ ముదిరేలోగా ముగించాలి. లేకపోతే పోగులు అట్టకట్టి తెగిపోతాయి. ఆ ఉదయం పన్నెండిళ్ల నుంచి వచ్చింది ఇద్దరు. మిగతావాళ్లు జ్వరంతో ఎంత వణికారంటే, వాళ్ల మంచాలు వాటంతటవే వీధిలోకి నడిచొచ్చాయి. చౌడయ్య భార్య ఆదెమ్మ గంజికుండతో గడపదాకా వచ్చి అక్కడే కూలబడింది.

శరభయ్య పంచె ఎగగట్టి తానే కుంచె పట్టాడు. ఈ చివరికీ ఆ చివరికీ వెయ్యిసార్లు పరుగెత్తాడు. సూర్యుడు ఆ రోజు పనిగట్టుకుని గంట ముందే వచ్చాడు. పోగులు పటపటా తెగాయి. లోపల కొత్త మగ్గం పెళ్లికొడుకులా ముస్తాబై కూర్చునే ఉంది.

"మగ్గానికి వంక లేదు బాబూ," అన్నాడు చౌడయ్య, తెగిన పోగులు ఏరుకుంటూ. "దాన్నే వచ్చి కుంచె పట్టమను."

శరభయ్య కుంచె పక్కన పెట్టి తలెత్తాడు. జ్వరాలవాళ్ల కోసం వచ్చిన సోమాలమ్మ ఆదెమ్మ నుదురు తుడుస్తోంది. ప్రతి మంచం మీంచీ ఆమెనే పిలుస్తున్నారు. ఇంత పరుగెత్తిన తన్ను ఎవరూ చూడనైనా లేదు.

"అందరూ ఆమెనే పిలుస్తారేం స్వామీ," అన్నాడు, పడుగు చూడ్డానికి వచ్చిన స్వామితో, ఈర్ష్య దాచుకోలేక.

స్వామి వీధి చివర నిలిపిన ఆశ్రమం బండి వైపు చూపించారు.

"ఆదెమ్మను ఆసుపత్రికి చేర్చాలి, ఎద్దుల్ని కట్టు. సోమాలమ్మ ముందు కూర్చుంటుంది. ఆమె చెప్పిన వైపు తోలు."